స్పెన్సర్ అంగడి – దాని మూడు రూపములు

పట్టణముల చరిత్రమును వ్రాయువారు కోటలను, దేవళములను, రాజభవనములను ముందుగా వర్ణింతురు. రాజు పట్టాభిషిక్తుడైన సంవత్సరమును, కోట పడిపోయిన సంవత్సరమును బాలురు కంఠస్థము చేయుదురు. కాని ఆ పట్టణమున ప్రజలు వస్త్రము లెచట కొనిరో, పండుగనాడు పిల్లలను వెంటబెట్టుకొని యెచటికి పోయిరో ఆ గ్రంథములలో అరుదుగా గానవచ్చును. అంగడి యనునది బేరము జరుగు తావు మాత్రమే కాదు. ఒక యూరివారు దేనిని కోరిరి, దేనిని చూచి యబ్బురపడిరి, ఎవరిని లోనికి రానిచ్చిరి, ఎవరిని వాకిటనే నిలిపిరి యను సంగతులను అంగడియే చక్కగా తెలుపగలదు. ఈ యభిప్రాయమును ఒక్క నిదర్శనముతో మా పాఠకుల యెదుట నుంచ దలచితిమి. ఆ నిదర్శనము చెన్నపట్టణమున మౌంటు రోడ్డుపై నున్న స్పెన్సర్ ప్లాజా.

చెన్నపట్టణపు అంగడితో తెలుగు బాలురకు పని యేమి యని కొంద రడుగవచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు కోస్తా జిల్లాలకును రాయలసీమకును చెన్నపట్టణమే ముఖ్యపట్టణము. హైకోర్టు వ్యాజ్యమునకును, కళాశాల చదువునకును, పెద్ద వైద్యమునకును మనవా రచటికే పోయెడివారు. తెలుగు పత్రికలును, తెలుగు చలనచిత్రములును చిరకాల మచటనే వెలువడెను. నేటికిని నెల్లూరు, చిత్తూరు జిల్లాలవారికి పెండ్లి బట్టలన్నను, కంటి వైద్యమన్నను ఆ నగరమే జ్ఞప్తికి వచ్చును. కావున ఆ యంగడి కథ మన యిండ్లలోని పెద్దల కథలో కొంత భాగమని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఈ యంగడికి మూడు రూపములు కలవు. మొదటిది దొరల నాటిది. 1863వ సంవత్సరమున చార్లెస్ డ్యురంట్, జె. డబ్ల్యు. స్పెన్సర్ అను నిరువురు ఆంగ్లేయులు మౌంటు రోడ్డున వ్యాపారము నారంభించిరి. పిమ్మట అది యూజీన్ ఓక్‌షాట్ అను నాతని చేతికి వచ్చి మిక్కిలి వృద్ధి చెందెను. 1895లో డబ్ల్యు. ఎన్. పోగ్సన్ అను శిల్పి రచించిన నమూనా ప్రకారము ఇండో-సారసెనిక్ రీతిలో గొప్ప భవనము వెలసెను. ఒకే కప్పు క్రింద పెక్కు విభాగములుగా సరకులమ్ము అట్టి అంగడి ఆనాడు మన దేశమున నూతనము. స్పెన్సరు వారు దిండిగల్లున చుట్టలు చేయించి సీమకు పంపిరి. సోడానీరు సీసాలలో నింపి యమ్మిరి. కన్నెమరా హోటలును నడపిరి. రైల్వే స్టేషనులలో వారి యుపాహారశాలలు కలిగియుండుటచేత, మద్రాసు నెన్నడును చూడని మన పల్లెటూరి వారికి కూడ స్పెన్సర్ అను పేరు తెలిసియుండెను.

ఈ మొదటి రూపమును తలచుకొని నిట్టూర్చు వారిని మే మెరుగుదుము. ఆ యెర్రని భవనము యొక్క సౌందర్యమును మేమును కాదనము. అయినను ఆ గుమ్మము నెవరు దాటిరి యను ప్రశ్నను విడిచి ఆ సౌందర్యమును పొగడుట న్యాయము కాదు. అచటికి ముఖ్యముగా పోయినవారు దొరలు, జమీందారులు, ఉన్నతోద్యోగులు. సామాన్యుడు రావలదని ద్వారమున పలక కట్ట నక్కరలేదు. ధరయే వాని నడ్డగించును, పరభాషయే వాని నాపును, తన కాళ్లకు చెప్పులు లేవను సంకోచమే వానిని వెనుకకు త్రిప్పును. సామాన్యుడు పోయినది సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న మూరు మార్కెట్టునకు. అచట పాత పుస్తకములు, పక్షులు, ఆటబొమ్మలు, గడియారపు సామానులు, దొరకని వస్తువు లేకుండ దొరకెడివి. బేరమాడ నేర్చినవాడే యచట పండితుడు. చదువుకొను పేద బాలురకు ఆ పాత పుస్తకముల వరుసలే గ్రంథాలయములు.

విధివిలాసమున ఆ రెండు భవనములును ఒకే దశకమున అగ్నికి ఆహుతియైనవి. 1980 తరువాత కొలది సంవత్సరములలోనే స్పెన్సరు భవనము కాలిపోయెను. 1985లో మూరు మార్కెట్టు కాలిపోగా ఆ తావున రైల్వేవారి కట్టడము లేచెను. ధనికుల యంగడి మాత్రము తిరిగి లేచినది. పేదల యంగడి తన చోట తిరిగి లేవలేదు. ఈ భేదమును విద్యార్థులు గమనింతురు గాక.

రెండవ రూపము 1991లో తెరువబడిన స్పెన్సర్ ప్లాజా. మన దేశపు ఆర్థిక విధానము మారినదియు ఆ సంవత్సరముననే. పాత గోపురముల చోట గాజును సిమెంటును గల బహుళ అంతస్తుల కట్టడము వచ్చెను. తరువాతి సంవత్సరములలో రెండవ, మూడవ విభాగములును దానికి చేరినవి. మన దేశమున నేటి యర్థమున మాల్ అనదగినవానిలో ఇది మొదటి వరుసలోనిది. ఆనాడు పిల్లలుగనో, యువకులుగనో ఉండి, సెలవులకు బంధువుల యింటికి పోయి దానిని చూచినవారము మాలో పలువురము కలము.

మేమేమి చూచితిమి? మొదట చల్లదనమును చూచితిమి. మే నెల యెండలో మౌంటు రోడ్డున బస్సు దిగి, గాజు తలుపు తెరచినంతనే ముఖమునకు తగిలిన ఆ ఏ.సి. గాలిని మేము మరువలేము. అంతవరకు మేమెరిగిన ఏ.సి. యనునది కొన్ని సినిమాహాళ్లలోను, పెద్ద బ్యాంకులలోను ఉండునది. దానికి టిక్కెట్టు గాని పని గాని కావలెను. ఇచట ఏమియు కొననివానికిని ఆ చల్లదనము ఉచితము. తరువాత కదలు మెట్లను చూచితిమి. మామ్మలు చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకొని, మనుమని భుజముపై చేయి వేసి, మొదటి మెట్టుపై కాలు పెట్టుటకు ముమ్మారు వెనుదీసి, నాలుగవసారి కన్నులు మూసికొని యెక్కిరి. పైకి చేరిన పిమ్మట, “ఇంకొక్కసారి యెక్కుదము రా” అని యడిగినదియు వారే.

కాశ్మీరు శాలువలు, చెక్కిన కొయ్య పెట్టెలు నమ్మువారు తమ యంగళ్ల ముందు నిలిచి వచ్చువారి నెల్ల పిలిచెడివారు. పుస్తకముల కొట్టులో నిలుచుండియే సగము పుస్తకము చదివి, మరుసటి వారము వచ్చి మిగిలినది ముగించిన మిత్రులు మాకు కలరు. పాటల కేసెట్ల కొట్టులో చెవులకు యంత్రము తగిలించుకొని పాటను విని, కొనకయే పోవచ్చును. నలుగురు కలసి ఒక ఐసుక్రీము కొని నాలుగు చెంచాలడిగినను ఎవరును గద్దింపరైరి. చేతిలో సెల్ ఫోనులు లేని ఆ దినములలో, “నాలుగు గంటలకు స్పెన్సరు ముందర” అన్న మాట చాలును. ఆ మాట తప్పినవాడు స్నేహితులలో చులకన యగుచుండెను.

ఈ జ్ఞాపకములన్నిటిని ఒక్కచోట కుప్పవేసి చూచినచో ఒక విశేషము తోచును. ఇందు కొన్న వస్తువులు మిక్కిలి స్వల్పము. ఆనాడు కొన్న చొక్కా యేదో, చెప్పు లేవో మాకు జ్ఞప్తి లేదు. జ్ఞప్తియందున్నవి నడచుట, కూర్చుండుట, ఎదురుచూచుట, చదువుట, నలుగురితో నవ్వుట. వ్యాపారి దేనికి వెల కట్టెనో అది మరపునకు వచ్చినది. వెల కట్టనిది నిలిచినది. ఈ వ్యాసమున మా వాదమంతయు దీనిపైననే యాధారపడియున్నది.

మూడవ రూపము నేటిది. స్పెన్సర్ ప్లాజా నేటికిని నిలిచియున్నది. కాని వెనుకటి సందడి లేదు. పెక్కు అంగళ్లు మూతబడినవి, కొన్ని భాగములు కార్యాలయములైనవి. దీనికి కారణమేమి? కాలమహిమ యని యూరకుండుట విద్యావంతులకు తగదు. కారణములు స్పష్టముగా కలవు. మొదటిది, ఈ కట్టడములోని అంగళ్లు పెక్కు వేర్వేరు స్వంతదారులకు అమ్మబడినవి. ఎవరి కొట్టు వారిది కాగా నడవ యెవరిది, కప్పు ఎవరిది, ఏ వరుసలో ఏ యంగడి యుండవలెనను నిర్ణయ మెవరిది? పది గుఱ్ఱములు పది దిక్కులకు లాగిన బండి వలె అయినది. తరువాత వచ్చిన మాల్‌లు అట్లుగాక, ఒక్క యజమాని చేతిలో నుండి అంగళ్లను అద్దెకు మాత్రమే యిచ్చుచున్నవి. రెండవది, పోటీ. 2006లో సిటీ సెంటరు, 2010లో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, 2013లో వేళచ్చేరి ఫీనిక్స్ మాల్ తెరువబడినవి. వానిలో సినిమాహాళ్లు, ఫుడ్ కోర్టులు, వాహనములు నిలుపు విశాలమైన తావులు కలవు. మూడవది, మౌంటు రోడ్డు క్రింద మెట్రో రైలు సొరంగము త్రవ్విన సంవత్సరములలో ఆ మార్గమున రాకపోకలు కష్టమైనవి. ఆ భాగమున రైలు 2019లో నడచునప్పటికి జనులు వేరు దారులకు అలవాటుపడిరి. నాలుగవది, సెల్ ఫోనులోనే సరకు కోరుకొని ఇంటికి తెప్పించుకొను పద్ధతి. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి అంగళ్లన్నియు మూతబడినప్పుడు ఆ పద్ధతి ఇంటింట స్థిరపడెను.

2013లోనే వడపళనిలో విజయా మాల్ తెరువబడినది. అది బి. నాగిరెడ్డిగారి విజయా-వాహినీ స్టూడియోల వారి స్థలమున లేచినది. 1957 నాటి మాయాబజారు చిత్రమును నిర్మించినది ఆ సంస్థయే. ఒకనాడు కొయ్యతోను గుడ్డతోను మాయాబజారు కట్టిన వారి తావున నేడు ఇటుకతోను ఉక్కుతోను నిజమైన బజారు వెలయుట చూడగా, ఈ రెంటిలో ఏది యెక్కువ కాలము జనుల మనస్సున నిలుచునో యని మాకు సందేహము కలుగకపోదు.

స్పెన్సరు వంటి అంగళ్ల క్షీణమును గూర్చి లోకమున రెండు మాటలు వినబడుచున్నవి. మొదటి పక్షమువారు, “అది స్వర్ణయుగము, మరల రాదు” అని విలపింతురు. రెండవ పక్షమువారు, “అది దుబారాకు నెలవు, పోయిన మేలే” అందురు. మాకు రెండును సమ్మతములు కావు. మొదటివారు తమ యౌవనమునకై విలపించుచు దానిని అంగడిపై మోపుచున్నారు. రెండవవారు, రూపాయియైన ఖర్చు లేకుండ ఒక పేదబాలు డచట పుస్తకము చదివెనను సంగతిని చూడకున్నారు. ఏ యంగడినైనను తూచుటకు మూడు రాళ్లు చాలును. అందులోనికి ఎవ్వరైనను సంకోచము లేక పోగలరా? కొనక యుండియు కొంతసేపు కూర్చుండగలరా? అచట పనిచేయువానికి న్యాయము కలదా?

ఈ తూనికలో దొరల నాటి స్పెన్సరు మొదటి రాతి దగ్గరనే తేలిపోవును. 1991 నాటి ప్లాజా మొదటి రెంటిలో, యజమానులు తలపెట్టకున్నను, చాలవరకు నెగ్గినది. నేటి క్రొత్త మాల్‌ల సంగతి యేమి? ద్వారమున సంచులు పరీక్షించువాడు మనిషి దుస్తులను కూడ కంటితో పరీక్షించుచున్నాడు. కూర్చుండు బల్లలు తక్కువ. ఉన్న కుర్చీలు ఫుడ్ కోర్టులోనివి, వానిపై కూర్చుండుటకు ఏదో కొనవలెను. పార్కింగు రుసుము వేరు. ఇవి ఒక్క నగరమున కాదు, మన హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోను కానవచ్చుచున్నవి.

మాల్ అను కట్టడమును కనిపెట్టిన మహాశయుడే తుదకు దానిని చూచి విచారించెనని చెప్పిన మా విద్యార్థు లాశ్చర్యపడుదురేమో. విక్టర్ గ్రూయెన్ అను శిల్పి ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమున పుట్టి, నాజీల బాధచే 1938లో అమెరికాకు పోయెను. 1956లో మినెసోటా రాష్ట్రమున అతడు నిర్మించిన సౌత్‌డేల్, పూర్తిగా కప్పబడి, అంతటను ఒకే వాతావరణము గల మొదటి మాల్. తన బాల్యమున వియన్నా నడివీథులలో జనులు కూడి మాటలాడుకొనినట్లు, కార్లలో ఒంటరిగా తిరుగు అమెరికనులు అచట కూడుదురని అతని యాశ. చుట్టును పాఠశాలలు, ఇండ్లు, వైద్యశాలలు కట్టవలెనని తలచెను. వర్తకులు లాభము వచ్చు భాగమును మాత్రము గ్రహించి తక్కినది విడిచిరి. జీవితపు చివరి దినములలో ఆ కట్టడములకు తండ్రి తాననుటకు కూడ అతడు సమ్మతింపలేదు. కూడలిని కోరినవానికి కొట్టు దక్కెను.

మూడవ రాయి అన్నింటికంటె బరువైనది. నగల కొట్టులోను బట్టల కొట్టులోను నవ్వుముఖముతో నిలిచియుండు యువతిని మనము చూతుము. ఆమె ఉదయము మొదలు రాత్రివరకు నిలిచియేయుండునని యెందరు తలచిరి? కాళ్లు వాచి, నరములుబ్బి బాధపడువారు వారిలో పెక్కురు. కూర్చుండుట కూడ ఒక హక్కు కావలసివచ్చినది. 2018లో కేరళమును, 2021లో తమిళనాడును అంగళ్లలో పనివారికి ఆసనము కల్పింపవలెనని శాసనము చేసినవి. శాసనము మంచిదే. కాని కొనుగోలుదారు డంగడిలో ప్రవేశించినప్పుడు కూర్చున్న పనివాడు భయపడి లేచుట మానినప్పుడే ఆ శాసనము సఫలమగును. అది మన చేతిలో నున్నది. తల్లిదండ్రులారా, మీ పిల్లల యెదుట అంగడి పనివానిని మీరేమని పిలుతురో, ఆ పిలుపే వారికి పాఠ్యపుస్తకము.

పాత యంగడి యెల్లప్పుడు నశింపవలసినదే యని యనుకొనరాదు. హైదరాబాదున 1935లో ఏడవ నిజాము కట్టించిన మొజంజాహీ మార్కెట్టు చిరకాలము మసిబారి, కప్పు కారి యుండెను. 2020 నాటికి దానిని శ్రద్ధతో బాగుచేసిరి. రాతి గోడలు కడుగబడినవి, గడియారపు గోపురము ప్రకాశించినది, ఐసుక్రీము కొట్టుల ముందర సాయంకాలము జనులు కూర్చుండుచున్నారు. ఆ మధ్యనున్న ఖాళీ స్థలమే దాని ప్రాణము. స్పెన్సర్ ప్లాజా ప్రక్కగనే నేడు మెట్రో స్టేషనున్నది. మధ్య హజారముల వంటి విశాలమైన తావు లందున్నవి. అట్టి పాత మాల్‌లలో మూతబడిన వరుసలను గ్రంథాలయములకును, చదువుకొను గదులకును, చేతిపనివారి కొట్టులకును తక్కువ అద్దెకిచ్చినచో స్వంతదారులకును నగరమునకును లాభమే యని మా నమ్మకము. దీనికి పెక్కుమంది స్వంతదారు లేకాభిప్రాయమునకు రావలెను. అది సులభము కాదు. అయినను తాళము వేసిన కొట్టువలన ఎవరికిని పైసా రాదు గదా.

ఇక పురపాలక సంఘములను గూర్చి ఒక్క మాట. జనులు చల్లని చోటును, కూర్చుండు బల్లను, త్రాగునీటిని వెదకికొని వర్తకుని కట్టడమునకు పోవలసి వచ్చుట నగరమునకు గౌరవము కాదు. ఉద్యానవనము, గ్రంథాలయము, నీడగల బాట అను మూడును ఉన్న యూర మాల్ ఒక వినోదము. అవి లేని యూర మాల్ తప్ప గతి లేదు. గతి లేక పోవుటకును ఇష్టపడి పోవుటకును గల భేదమును మన పెద్దలు యోచింతురు గాక.

విద్యార్థులారా! మీ యూర కూడ స్పెన్సరు వంటిది కలదు. అది నాలుగంతస్తుల మాల్ కానక్కరలేదు. వారపు సంత కావచ్చును, గాంధీచౌకు కావచ్చును, గాజుల కొట్టుల సందు కావచ్చును. ఈ వేసవి సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని మీ తాతమామ్మల నడుగుడు. ఏ యంగడి యెచట నుండెను? దానిని నడపినవా రెవరు? ఏ సరకు ఏ ధర కమ్మిరి? ఎవరెవరు లోనికి పోగలిగిరి, ఎవరు బయటనే నిలువవలసి వచ్చెను? ఆ చివరి ప్రశ్నను అడుగుటకు వెనుదీయవలదు. పటము గీయుడు, సంవత్సరములు వ్రాయుడు. వృద్ధు లొకరొకరుగా పోవుచున్నారు. వారితో ఆ యంగళ్లును పోవుచున్నవి.

అట్లు వ్రాసినవానిలో మంచివానిని వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింపవలెనని మా కోరిక. గాజు, దీపములు, కదలు మెట్లు ధనమున్న చోట నెల్ల వచ్చును. నలుగురు కలసి ఒక ఐసుక్రీము పంచుకొనగల చోటు మాత్రము తలచి, పూని, కాపాడినచోటనే నిలుచును.